నొక్కకుండానే వెలిగే దీపం

తమ్ముడికి,

అక్క దీవెనలు. అమ్మ, నేను కులాసా. నీ పెట్టె మాత్రం కులాసాగా లేదు.

వీధి తలుపుకు బటన్ బిగించి, అమ్మ గదిలో గోడకు ఎర్రదీపమున్న పెట్టె తగిలించి వెళ్ళావు. గట్టిగా అరిస్తే తప్ప అమ్మకు వినపడదు కాబట్టి, ఎవరైనా బటన్ నొక్కితే దీపం నిమిషంపాటు వెలగాలి. బాగుంది. గంట మోగితే ప్రార్థన చెదురుతుందంటే గంట కూడా తీసేశావు. అదీ బాగుంది. కానీ రోజూ మధ్యాహ్నం నేను ఆ గదిలో ప్రార్థనకు కళ్ళు మూసుకున్న కాసేపటికే దీపం వెలుగుతోంది. రెప్పల మీద ఎర్రగా పడుతోంది. ముగించి వెళ్ళి తలుపు తీస్తే వీధిలో పిట్ట కూడా ఉండదు. కొన్ని రోజులు రెండుసార్లు వెలుగుతోంది.

అమ్మకు చెప్పలేదు. ఆ వేళకు తను పెరట్లో ఆరిన బట్టలు తీస్తూ ఉంటుంది. కొడుకు చేసింది చెడిందని తెలిస్తే బెంగపెట్టుకుంటుంది.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నా మాట పూర్తి కానివ్వవు. కాగితాన్ని మధ్యలో ఆపలేవు.

అక్క

తా.క. కొలతలకు వచ్చిన పక్కింటి టైలరమ్మ ఇది చూసింది. నా ప్రార్థనకే దీపం వెలుగుతోందని వీధంతా చెప్పింది.

*

అక్కా,

నమస్కారం. నీ ఉత్తరం చదివి కాఫీ చొక్కా మీద పోసుకున్నాను.

ఉద్యోగం మానేశాక నా సొంత బుర్రతో చేసిన మొదటి పెట్టె ఇది. ఇక్కడి వృద్ధాశ్రమం వాళ్ళు గదికొకటి కావాలన్నారు. మా ఇంట్లో తప్పు లేకుండా పనిచేశాకే మీకిస్తానని గొప్పగా చెప్పాను. ఎవరూ రాకుండానే దీపం వెలిగితే ఆ ముసలివాళ్ళు ఊరికే లేచి తలుపుదాకా నడుస్తారు. ఒక్కరు జారిపడినా ఆ పాపం నాది.

భయపడకు. సర్క్యూట్ తిక్కగా ఉన్నప్పుడు ముందు కరెంటు శుభ్రంగా వస్తోందో లేదో చూడాలి. అందుకు కొత్త అడాప్టర్ పంపుతున్నాను. ఇక బటన్ నుంచి పెట్టెదాకా ఉన్నది పొడుగాటి వైరు. ఎవరూ నొక్కనప్పుడు అది గాలిలో వేలాడినట్టే లెక్క. ఫ్రిజ్ మోటారు తిరిగినా సరే, ఎవరో నొక్కారనుకుంటుంది. దాన్ని కట్టేసి ఉంచడానికి చిన్న రెసిస్టర్ పంపుతున్నాను. రెండు స్క్రూలు బిగిస్తే చాలు. రెండుసార్లు వెలగడం అంటావా, బటన్ లోపలి రేకులు ఎగిరి రెండుసార్లు తగులుతున్నాయి. అది కనురెప్ప వేసేలోపు జరిగే పని.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో మనకే తెలియదు.

నీ తమ్ముడు

తా.క. టైలరమ్మ మిషనుకు మోటారుందా? ఉంటే మధ్యాహ్నం ఆపమని చెప్పు. సున్నితంగా.

*

తమ్ముడికి,

దీవెనలు. చొక్కా ఉప్పునీళ్ళలో నానబెట్టు.

అడాప్టర్ ఒక్కటే మార్చాను. వెలిగింది. మర్నాడు రెసిస్టర్ ఒక్కటే బిగించాను. వెలిగింది. ఆ మర్నాడు ఫ్రిజ్ ఆపాను. దీపం వెలిగింది, పాలు విరిగాయి.

టైలరమ్మకు సున్నితంగానే చెప్పాను. తన మిషను నా ప్రార్థనకు అడ్డమొస్తోందని ఆమెకు అర్థమైంది. కుట్టడం ఆపేసి, నా పక్కన చేతులు జోడించి కూర్చుంది. అప్పుడూ వెలిగింది. ఆమె పెట్టిన కేకకు నా ప్రార్థన సగంలో ఆగింది. ఇప్పుడు వీధివాళ్ళు ఒక్కొక్కరూ కోరికలతో వస్తున్నారు. ఒకాయన తన స్కూటరు గురించి చెప్పుకున్నాడు.

రేకుల సంగతి నాకు తెలియదు కానీ, మొదటి వెలుగుకూ రెండో వెలుగుకూ మధ్య నేను నిదానంగా రెండు కీర్తనలు పాడుకోవచ్చు. ముసురు పట్టిన రోజుల్లో రెండుసార్లు వెలగడం ఎక్కువ.

అక్క

తా.క. బట్టలు ఆలస్యమయ్యాయని టైలరమ్మ దగ్గరికి వచ్చినవాళ్ళందరినీ ఆమె నా దగ్గరికి పంపుతోంది.

*

అక్కా,

నమస్కారం. ముసురు అన్నావు చూడు, అక్కడ దొరికింది! బటన్‌లోకో, వైరు అతుకులోకో చెమ్మ దిగుతోంది. చెమ్మ వెంట కరెంటు దొంగదారిన పోతుంది.

ఇక ఊహలు కట్టిపెట్టి సగం సగంగా తెంచి చూద్దాం. ఒకరోజు పెట్టె దగ్గర వైరు ఊడదియ్యి. అయినా వెలిగితే తప్పు పెట్టెది. వెలగకపోతే మర్నాడు అక్కడ బిగించేసి, బటన్ దగ్గర ఊడదియ్యి. అప్పుడు వెలిగితే తప్పు వైరుది. ఇలా చేస్తే ఎంత పెద్ద సర్క్యూటైనా దారికొస్తుంది.

ఇది తేలకపోతే ఆశ్రమానికి వద్దని రాసేస్తాను. పెద్దవాళ్ళతో ఆటలు వద్దు.

నీ తమ్ముడు

తా.క. ప్రార్థనకు వెలిగే దీపం అనే అమ్మొచ్చు కదా, ఇంకా బాగా పోతుందని నీ మరదలు సలహా. నేను మాట్లాడటం మానేశాను.

*

తమ్ముడికి,

దీవెనలు. మరదలితో మాట్లాడు.

పెట్టె దగ్గర ఊడదీశాను. వెలగలేదు. మర్నాడు అక్కడ బిగించి, బటన్ దగ్గర ఊడదీశాను. వెలగలేదు. ఆ మర్నాడు అన్నీ బిగించాను. వెలిగింది.

ఒకటే దిగులు. వెలగని రెండు రోజులూ అమ్మ సరిగా భోజనం చెయ్యలేదు. బట్టల బుట్ట ఒళ్ళో పెట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంది. ఏమిటమ్మా అంటే మోకాళ్ళంది. మళ్ళీ వెలిగిన రోజు రెండోసారి అడిగి వడ్డించుకుంది.

అక్క

తా.క. ఆ రెండు రోజులూ నా భక్తి తగ్గిందని టైలరమ్మ అందరికీ చెప్పింది. స్కూటరాయన మెకానిక్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

*

అక్కా,

పెట్టె తప్పు కాదు. వైరు తప్పు కాదు. ఇక మిగిలింది బటన్. దాన్నేమో నేనే వెయ్యిసార్లు నొక్కి పరీక్షించాను. ఎవరూ నొక్కకుండా అది నొక్కుకుంటోందంటే ఇక నాకు తెలిసింది అయిపోయింది. ఆశ్రమానికి వద్దని రాసి కవరు అంటించాను. నీ జవాబు చూసి పోస్టులో వేస్తాను. మళ్ళీ ఎక్కడైనా ఉద్యోగం వెతుక్కుంటాను. అమ్మకు చెప్పకు.

నీ తమ్ముడు

*

తమ్ముడికి,

దీవెనలు. కవరు చించెయ్యి.

ఎవరో నొక్కుతున్నారేమో అని నువ్వు అనుకోలేదు. నేనూ అనుకోలేదు. నిన్న ప్రార్థన వేళకు వీధి కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కళ్ళు తెరిచి కూర్చున్నాను. పక్క సందులోంచి గోడ పట్టుకుంటూ అమ్మ వచ్చింది. చంకలో బట్టల బుట్ట. అటూ ఇటూ చూసి బటన్ నొక్కి, వచ్చిన దారినే మళ్ళింది. పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి, అక్కణ్ణించి గదిలోకి. నేనూ వెళ్ళాను. దీపం అప్పటికే ఆరిపోయింది. అమ్మ నిట్టూర్చి మళ్ళీ బయల్దేరబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అరిచాను.

"అరవకే, వీధి వింటుంది," అంది. "వాడు దీన్ని బిగించేటప్పుడే ముసలివాళ్ళకిస్తానన్నాడు కదా! పనిచేస్తోందో లేదో రోజూ ఒకసారి నొక్కి చూస్తున్నా. మొన్న రెండు రోజులు వెలగలేదు. నీకు చెబితే వాడికి రాసేస్తావు, వాడు కుంగిపోతాడని ఊరుకున్నా."

"నా ప్రార్థన వేళకే ఎందుకు?"

"కళ్ళు తెరిచుంటే నన్ను సందులోకి పోనిస్తావా?"

అది నిజమే.

ముసురు రోజున అమ్మ మోకాళ్ళు పట్టేస్తాయి, నడక నెమ్మదిస్తుంది, గదికి చేరేసరికి నీ నిమిషం అయిపోతుంది. అందుకే రెండోసారి నొక్కేది. నీ పెట్టెలో తప్పేమీ లేదు. నిమిషం చాలదు, అంతే. ఆశ్రమంలోనూ అమ్మలాంటి మోకాళ్ళే ఉంటాయి. మూడు నిమిషాలు పెట్టి ఇవ్వు.

ఇకనుంచి రోజూ నేనే నొక్కి చూస్తానన్నాను. "నువ్వు దేవుణ్ణి చూసుకో, నా కొడుకు పెట్టె నేను చూసుకుంటా," అంది. తను పట్టుకుని నడవడానికి సందు గోడ పొడుగునా కర్ర కట్టించాను.

అక్క

తా.క. టైలరమ్మకు ఇంకా చెప్పలేదు. మిషను మళ్ళీ కుడుతోంది. దీపం వెలిగినప్పుడల్లా వచ్చి దణ్ణం పెట్టుకుంటోంది. అమ్మ నడకకే కదా పెడుతున్నది, తప్పు లేదని ఊరుకున్నాను.