విలన్ మాటకు పుట్టిల్లు

నాన్నా, నేను కులాసాగానే ఉన్నాను.

మా ప్రెస్సులో ఇంగ్లీషు నిఘంటువు అచ్చవుతోంది. నేను పైకి చదువుతుంటే పెద్దాయన ప్రూఫు దిద్దుతారు. ఇవాళ విలన్ అనే మాట వచ్చింది. సినిమా చివర్లో తన్నులు తినేవాడే కదా అనుకుంటూ చదివానా, మధ్యలోనే ఆగిపోయాను. మొదట్లో ఆ మాటకి అర్థం దొరగారి పొలంలో పనిచేసేవాడట! మట్టి పిసుక్కునేవాడికి నీతేముంటుందని గొప్పవాళ్లు చులకన చేసీ చేసీ, ఆ పేరు దుర్మార్గుడికి ఖాయం చేశారట.

"అచ్చుతప్పేమోనండీ" అన్నాను.

"తప్పేం కాదు, కానీయ్. అంత ఉలిక్కిపడ్డావేం, మీవాళ్లేమన్నా పొలం కూలీలా?" అని నవ్వారు.

"కాదండీ" అనేశాను. ఈ నోటితోనే, నాన్నా! నిఘంటువు కంటే నా మాటకే ఎక్కువ అదిరిపడ్డాను.

నీ మోకాలి వాపు తగ్గిందా? అమ్మ కళ్లజోడు నంబరు రాయించి పంపు. చెల్లి పరీక్షలెప్పుడు? దాన్ని బాగా చదువుకోమను. అమ్మకి నమస్కారాలు.

రేపు వెళ్లగానే పెద్దాయనకి నిజం చెప్పేస్తాను. కవరు ఉండి కూడా కావాలనే పోస్టుకార్డు మీద రాశాను. దారిలో ఎవరు చదివినా చదవనీ.

ఇట్లు,
పొలం కూలీ కొడుకు