పొద్దుటి బోణీ

వరంగల్,
నవంబర్ 14

చిరంజీవి స్రవంతికి బాపమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న దగ్గు తగ్గి మళ్లీ మన నూలు దుకాణంలో కూర్చుంటున్నాడు. నువ్వు అడిగిన నిమ్మకాయ పచ్చడి ఇంకా ఊరలేదు. ఇవన్నీ ఫోన్‌లో చెప్పవచ్చు. కానీ ఫోన్‌లో నీ గొంతు వినాలంటే ఈమధ్య నాకు రోత పుడుతోంది. అందుకే ఉత్తరం.

పోయిన నెల నీ కాల్ సెంటర్ ఉద్యోగంలో పదకొండు క్రెడిట్ కార్డులు అమ్మానని, పొద్దున్నే ఫోన్ చేసి "మీదే బోణీ" అంటే మన ఊరివాళ్లెవరూ కాదనడం లేదని మెసేజ్ పెట్టావు. సంతోషమేనా అని అడిగావు. కాదు. బోణీ బేరానికి వచ్చినవాడు వట్టి చేతులతో వెళ్లడు, మనమూ పంపం. ఆ మర్యాదతోనే నువ్వు మనుషుల మెడ పట్టుకున్నావు. దసరాకు వచ్చినప్పుడు దుకాణం పుస్తకంలో మన ఖాతాదారుల నంబర్లు ఫోటో తీసుకున్నావు, పండగ శుభాకాంక్షలు పంపడానికన్నావు.

సోమవారం కొత్తవాడ యాకయ్య వచ్చాడు. మీ తాత కాలం నుంచి మన నూలుతోనే జంపఖానాలు నేసే మనిషి. చేతిలో బ్యాంకు కాగితం. ఉచితమని చెప్పిన కార్డుకు ఏడాది ఫీజు, పన్నుతో కలిపి 588 రూపాయల 82 పైసలు. ఆయన దానితో ఏమీ కొనలేదు, కవరే విప్పలేదు. ఫోన్ చేసినామె పేరు ప్రియ అని చెప్పిందట.

"పొద్దుగాల్నే బోణీ చెయ్యి కాకా అంటె లేదని ఎట్లంటనమ్మా?" అన్నాడు. కాగితం మడుస్తూ, "గొంతు మన స్రవంతమ్మ లెక్కనే ఉండె. మన పిల్లేనా?" అని అడిగాడు.

ఇక్కడి వరకు నీ తప్పు. తర్వాతది నాది. "మన పిల్ల అట్ల చేస్తదా యాకయ్యా?" అన్నాను.

"గదే నేను గూడ అనుకున్న" అని తృప్తిగా వెళ్లిపోయాడు.

ఇవాళ ఆటోలో కొత్తవాడ వెళ్లి నిజం చెప్పాను. మగ్గం ఆపి విన్నాడు. నిన్ను ఒక్క మాట అనలేదు. "పిల్ల అంటె నౌకరి కోసం చేసింది. నీకేమొచ్చిందమ్మా, నాతోని అబద్ధమాడవడితివి?" అన్నాడు.

ఆదివారం మొదటి బస్సుకు రా. ఆ మగ్గం ముందు కూర్చొని, నీ అసలు పేరు చెప్పి, కార్డు రద్దు చేయించు. మిగతా పదిమంది పేర్లూ రాసుకొని రా, వాళ్ల ఇళ్లకూ వెళ్దాం. యాకయ్య దగ్గర నేనూ పక్కనే కూర్చుంటాను. నీకు తోడుగా కాదు, ఆయన అడిగినదానికి నేనూ ఇంకా జవాబు చెప్పాలి.

ఇట్లు,
నీ బాపమ్మ
రాజేశ్వరి