పస్తుంచని పురుగులు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాయాలి కాబట్టి ఆశీర్వదించే రాస్తున్నాను. ఇక్కడ నేనూ, మీ బావా, ప్లేట్లలో నా పురుగులూ అందరం క్షేమం. నీ క్షేమం సంగతి ఈ ఉత్తరం చదివాక నువ్వే చెప్పాలి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా నడుం నొప్పి అలాగే ఉంది. రోజంతా మైక్రోస్కోప్ మీద వంగి కూర్చునేదాన్ని వదిలి అదెక్కడికి పోతుంది? నీ సన్మానం రోజు ముందు వరసలో నాకో కుర్చీ ఉంచనా అన్నావు. వద్దు. మన పురుగు జీనోమ్ డ్రాఫ్టు, అదే దాని జన్యువులన్నిటి చిత్తుప్రతి, అందరూ చూసేలా ఆన్‌లైన్ బ్రౌజర్‌లో పెట్టాం, చూశావా అన్నావు. చూశాను. కుర్చీ వద్దంటున్నది అందుకే.

పురుగుమందుని అరిగించుకునే జన్యువు ఈ పురుగులో దొరికిందని ఊరూవాడా చాటావు కదా, దాన్నే తెరిచాను. నీ తప్పు పట్టుకుందామనే తెరిచాను, దాపరికం ఎందుకు? పురుగు జన్యువులు మామూలుగా మధ్యమధ్య ఖాళీలతో తెగి తెగి ఉంటాయి. ఇది ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే పట్టీ. అదైనా ఎక్కడుంది? పురుగు డీఎన్‌ఏలో దేనికీ అతకని ఒక చిన్న ముక్క మీద. తెర పక్కకి జరిపితే ఇరుగుపొరుగు జన్యువులన్నీ బ్యాక్టీరియావే. మనం పురుగులకి మేతగా వేసే మట్టి బ్యాక్టీరియాతో పోల్చాను. అక్షరం పొల్లుపోలేదు.

ఒరేయ్, పురుగు తిన్న తిండిని పురుగు సొత్తనుకున్నావు. నా దగ్గర్నుంచి పురుగులు పంపినప్పుడే చెప్పాను, డీఎన్‌ఏ తీసే ముందు మేత లేని ప్లేటు మీద పస్తుంచు, కడుపు ఖాళీ అయ్యాక కడుగు అని. “పురుగుల చేత ఉపవాసాలు చేయించే తీరిక నాకెక్కడిదక్కా?” అన్నావు. నా బుద్ధి గడ్డి తిని నవ్వాను.

సరే, డ్రాఫ్టన్నాక చెత్త ఉంటుంది. నా కోపం దాని గురించి కాదు. ఆ జన్యువు మీద నీ దగ్గర పని చేస్తున్న పిల్ల, మీరంతా పిచ్చుక అంటారే, మొన్న ప్లేట్ల కోసం వచ్చింది. పస్తుంచి కడిగిన పురుగుల్లో ఎన్నిసార్లు వెతికినా ఆ జన్యువు కనిపించడం లేదట. లేనిది ఎలా కనిపిస్తుంది? నువ్వేమో అందరి ముందూ “నీ చేతుల్లో పనితనం లేదు” అన్నావట. వచ్చే వారం పనిలోంచి పంపించేస్తావట. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

ఆ పిల్లని తెర ముందు కూర్చోబెట్టాను. కాసేపు చూసి, “మేడం, ఇది పురుగుది కాదు కదా!” అంది. తర్వాత తన చేతులకేసి చూసుకుంటూ, “అయితే నా చేతులు బాగానే ఉన్నాయా?” అని అడిగింది. అప్పటి నుంచి నీ మీద ఒళ్లు మండిపోతోంది. కోపం లేదని రాయబోయి కొట్టేశాను. కోపమే.

ఇక ఇంతసేపూ నాన్చిన మాట. ఆ బ్రౌజర్‌లో జన్యువు కింద ఎవరైనా గమనిక రాయొచ్చు కదా. “ఇది పురుగుది కాదు, దాని మేతది” అని ఆధారాలతో నిన్ననే పెట్టించాను. రాసింది పిచ్చుక, పేరూ తనదే. ముందు నీకు చెప్పాల్సింది. చెబితే ఆపించేవాడివి. ఇప్పుడు ఆ పిల్లని పంపించావంటే, తప్పు పట్టుకున్నందుకే పంపించావని లోకం అంటుంది. అది తెలిసే చేశాను.

కుర్చీ సంగతి రాస్తూ “ఇంట్లోవాళ్లే నా వైపు లేకపోతే ఎలా?” అన్నావు. లేను. సన్మానంలో లేచి ఈ తప్పు నువ్వే చెప్పగలిగితే ఆ కుర్చీ ఉంచు, నడుం నొప్పితోనైనా వస్తాను.

ఇంకా పురుగులు కావాలన్నావు. పంపుతున్నాను, ఈసారి నేనే పస్తుంచి మరీ. పిచ్చుక తెస్తుంది. ఆ చేతుల్లోంచే తీసుకో.

ఇట్లు,
కోపం చల్లారని
నీ అక్క