లెమ్యూల్ జీతం, లీగ్ తూకం

టొలీడో, జులై 2

నాయనా వాల్టర్,

ఏడో తరగతి లెక్కల్లో నిన్ను గట్టెక్కించిన ఒడెస్సా పెట్టివేని రాస్తున్నాను. బాగున్నావా అని అడగను. హెరాన్స్ బాస్కెట్‌బాల్ జట్టులో ఒప్పందాలు చూసే అధికారివి, బాగానే ఉంటావు. బాగాలేనిది మేము.

మా మనవడు లెమ్యూల్ ఎనిమిదేళ్ళుగా మీ జట్టులో బెంచీ అరగదీస్తున్నాడు. నిన్న పేపర్లో "లెమ్యూల్‌పై హక్కులు వదులుకున్న హెరాన్స్" అని వేశారు. వదులుకోవడానికి వాడేమన్నా పాత సోఫానా? పొద్దుటినుంచీ అట్టపెట్టెలు సర్దుతాడు, విప్పుతాడు, మళ్ళీ సర్దుతాడు. నా కాఫీ గిన్నె ఏ పెట్టెలో ఉందో ఎవరికీ తెలియదు. ఆరెగాన్ జట్టువాళ్ళు రమ్మంటున్నారు. పన్నెండో తేదీ శుక్రవారంలోగా జవాబివ్వాలట. మాకిద్దరికీ ఈ ఊరు వదలడం ఇష్టం లేదు. ఉంచుకుంటారా, లేదా? ఒక్క మాట చాలు.

ఇట్లు,
ఒడెస్సా పెట్టివే

తా.క. ఫోన్ చెయ్యకు. ఫోన్లో నసుగుతావు.

జులై 3

టీచర్‌గారికి వాల్టర్ కుచిన్‌స్కీ నమస్కారాలు.

జట్టులో జీతాలన్నీ కలిపి లీగ్ గీసిన హద్దులో ఉండాలండీ. లెమ్యూల్ ఒప్పందం ముగిసినా, వదులుకున్నామని మేం రాసిచ్చేదాకా అతని పాత జీతం మా లెక్కలోనే ఉంటుంది. మనిషి లేచి వెళ్ళినా కుర్చీలో తువ్వాలు ఉన్నట్టు. ఏడడుగుల కొత్త ఆటగాడు బ్రాంట్లీకి చోటు కావాలి గనక ఆ తువ్వాలు తీశాం. కోపంతో కాదు.

తర్వాత లెమ్యూల్ సంగతేమిటన్నది చెప్పలేను. చాటుమాటుగా మాటిచ్చామని తేలితే జట్టుకి జరిమానా, నాకు ఉద్వాసన.

విధేయుడు,
వాల్టర్

తా.క. చెప్పలేనంటే ఔనని కాదు. కాదనీ కాదు. ఈ వాక్యం మా లాయరు రాయించాడు.

జులై 5

వాల్టర్,

జవాబు రానప్పుడు ఏడో తరగతిలోనూ ఇలాగే రాసేవాడివి.

పోనీ, నోరు విప్పకు. దీంతో వెన్న కేకు పంపుతున్నాను. లెమ్యూల్‌ని ఉంచుకునేట్టయితే పళ్ళెం కడిగి పంపు. లేకపోతే కడగకుండా పంపు. పళ్ళేన్ని ఏ లీగూ నిలదీయదు.

నీ టీచరు,
ఒడెస్సా

తా.క. లెమ్యూల్ ఇప్పుడు పెట్టెల మీద పేర్లు రాస్తున్నాడు. ఒకదాని మీద "నానమ్మ" అని ఉంది. నేనందులో పట్టను.

జులై 9

టీచర్‌గారూ,

కేకు అమోఘం. ఊరికే తింటే బాగుండదని మా గుమాస్తా మీకు ఇరవై డాలర్ల చెక్కు పంపాడట. దయచేసి వెంటనే చించెయ్యండి! ఆటగాడి బంధువుకి జట్టు డబ్బిస్తే అది హద్దు తప్పించి దొంగచాటుగా ఇచ్చిన జీతం కిందికొస్తుంది. లాయరు వణికిపోతున్నాడు. పళ్ళెం కడిగితే ఉంచుకుంటామని మాటిచ్చినట్టట, కడగకపోతే ఉంచుకోమని మాటిచ్చినట్టట. అందుకని సగం కడిగి పంపుతున్నాం.

భయపడుతూ,
వాల్టర్

తా.క. మిగతా సగం లాయరు నాకాడు. దాన్ని కడగడంగా భావించవద్దని ఆయన మనవి.

జులై 12, శుక్రవారం

వాల్టర్,

చెక్కు చించాను. పళ్ళేన్ని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూశాం. "కడిగిన వైపే పెద్దగా ఉంది నానమ్మా," అన్నాడు లెమ్యూల్. "కళ్ళు తుడుచుకుని చూడరా," అన్నాను. మధ్యాహ్నం ఆరెగాన్ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నేనూ వెళ్తున్నాను.

ఉంటాను,
ఒడెస్సా

తా.క. కాఫీ గిన్నె దొరికింది. ఈ పది రోజుల్లో తేలిన విషయం అదొక్కటే.

జులై 15

టీచర్‌గారూ, ఎంత పని చేశారు!

హద్దు నిండిపోయాక కూడా లీగ్ కనీస జీతానికి ఒకణ్ణి పెట్టుకోవచ్చు. బ్రాంట్లీ శనివారం సంతకం పెట్టాడు. ఆదివారం మీ ఇంటికి లెమ్యూల్ ఒప్పందం పట్టుకొస్తే గుమ్మానికి తాళం! పక్కింటావిడ నన్ను వేలంపాటవాడనుకుని మీ సోఫా ఎంతకిస్తావని అడిగింది.

దిక్కుతోచని
వాల్టర్

తా.క. బ్రాంట్లీ వస్తూనే మా కోచ్‌తో పోట్లాడాడు.

ఆరెగాన్, డిసెంబరు 16

నాయనా వాల్టర్,

బ్రాంట్లీని ఇక్కడికి పంపి, ఇక్కడి రిడ్లీని మీరు తీసుకుంటున్నారనీ, జీతాలు సరితూగడానికి లెమ్యూల్‌ని కూడా మీవైపు వేశారనీ రేడియోలో విన్నాం. వాడు మళ్ళీ పెట్టెలు ముందేసుకున్నాడు.

కలిసొచ్చిందని మురిసిపోకు. జులైలో నీ దగ్గర మాట దొరక్కపోయేసరికి లైబ్రరీ నుంచి మీ లీగ్ నియమాలు తెచ్చుకుని చదివాను. జట్లు మనుషుల్ని మార్చుకుంటే రెండువైపులా జీతాలు ఇంచుమించు తూగాలి. కనీస జీతంవాణ్ణి తక్కెట్లో వేస్తే ముల్లు కదలదు. బ్రాంట్లీ ఏ ఊళ్ళోనూ ఒక చలికాలం మించి ఇమడలేదు. రిడ్లీ ఇక్కడ ఎప్పటినుంచో అలిగి ఉన్నాడు. రిడ్లీ జీతమూ, బ్రాంట్లీకి మీరివ్వబోయే జీతమూ అప్పటికే పేపర్లో ఉన్నాయి. తీసివేత చేసి, ఆ తేడా ఎంతో అంతే అడగమని లెమ్యూల్‌కి చెప్పాను. ఆరెగాన్ వాళ్ళు కొంచెం గొణిగి ఇచ్చారు. కొత్తగా సంతకం పెట్టినవాళ్ళని డిసెంబరు పదిహేను దాకా కదపకూడదు. నువ్వు సరిగ్గా పదిహేనునే కదిపావు. ఏడో తరగతి లెక్కలు ఇంకా గుర్తున్నట్టున్నాయి.

ఆశీస్సులతో,
ఒడెస్సా పెట్టివే

తా.క. ఇదేదీ లెమ్యూల్‌తో అనకు. తన ఆట చూసే వెనక్కి పిలిచారనుకుని ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. ఏమీ చెప్పకుండా ఉండటంలో నీ అంతవాడు లేడు కదా.