కిటికీ మీది గ్లాసు

రాబర్ట్‌సన్‌పేట

ప్రియమైన వత్సలకు,

ఫోనులో చెప్పాలంటే ఇంటినిండా చెవులే, అందుకే కాగితం పట్టాను. ఆపరేషన్ మందులతో మొదలైన విరేచనాలు ఇంకా కట్టలేదు. బాగున్న మనిషి పేగులో వందల రకాల సూక్ష్మజీవులు కలిసి కాపురం చేస్తాయట. నాలో మంచివి చాలా రకాలు పోయి, ఒక చెడ్డదే పెత్తనం చేస్తోందట. బెంగళూరు డాక్టరు చెప్పిన వైద్యం రాయడానికే చెయ్యి రావడం లేదు. ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి నా పేగులోకి ఎక్కించాలట. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

కోడలు కావేరి "నేనిస్తానత్తా" అంది. ఆండర్సన్‌పేట గని కూలీల ఇంటి పిల్ల. మావాడు అనిరుద్ధ ప్రేమించాడని ఇంట్లోకి రానిచ్చానే గాని, ఆమె గ్లాసు ఇప్పటికీ కిటికీ మీద వేరుగానే ఉంటుంది. ఆమెది నా ఒంట్లోకా? నువ్వు ఇవ్వవే.

నీ అక్క
అంబుజ

కోలారు

ప్రియమైన అక్కా,

నా దగ్గర నీకు సిగ్గేమిటి? చిన్నప్పుడు నాకు ముడ్డి కడిగిందే నువ్వు. రేపే బెంగళూరు వెళ్ళి పరీక్షలు చేయించుకుంటాను. ధైర్యంగా ఉండు.

నీ చెల్లెలు
వత్సల

రాబర్ట్‌సన్‌పేట

ప్రియమైన వత్సలకు,

బెంగళూరులో ఎక్కించాక విరేచనాలు కట్టాయి, చారన్నం ఒంటబట్టింది. మా కొట్టుదాకా నడిచి గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చాను. మన రక్తం కాబట్టే ఒంటికి పట్టింది. కావేరిది ఎక్కించి ఉంటే ఆ తలంపుకే ప్రాణం పోయేది. ఆ మాట ఆమెకు వినబడేటట్టే అన్నాను. నీకు చీర పంపాను, కట్టుకో.

నీ అక్క
అంబుజ

కోలారు

అక్కా,

చీర తిరిగి పంపుతున్నాను. అది నాది కాదు. పంటినొప్పికి యాంటీబయాటిక్ మందులు మింగానని డాక్టరు నన్ను వద్దన్నాడు. ఇచ్చింది కావేరి. దాత పేరు నువ్వూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

"చెప్పొద్దు చిన్నత్తా. తెలిస్తే అత్త ఒప్పుకోదు. ముందు బతకనీ" అని నా చేతులు పట్టుకునింది. నేను నోరు మూసుకుని నీ పొగడ్తలు మింగాను. నాకే తలవంపుగా ఉంది.

వత్సల

రాబర్ట్‌సన్‌పేట

ప్రియమైన వత్సలా,

నీ ఉత్తరం చదవగానే తలస్నానానికి లేచాను. నా అలవాటు నీకు తెలుసు కదా. రెండు చెంబులు పోసుకున్నాక, లోపలున్నదాన్ని ఎలా కడగనని తోచింది. దాని పుణ్యమానే నిలబడి నీళ్ళు పోసుకుంటున్నాను. సిగ్గేసి చెంబు కింద పెట్టేశాను.

వంటింట్లోకి వెళ్ళి, కిటికీ మీది గ్లాసులో కాఫీ పోసుకుని తాగాను. కావేరి గాభరాగా పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, అది నా ఎంగిలి గ్లాసత్తా. తాగొద్దు, ఇంగొకటి తెస్తా."

నన్ను బతికించిన పిల్ల నాతో అన్న మాట అది. నేర్పింది నేనే.

నీ అక్క
అంబుజ