సాక్ష్యం చెప్పాల్సిన ఆదివారం

మెదక్,
ఆగస్టు 1964

అల్లాదుర్గ్‌లో ఉన్న మా ఎలిశిబా అక్కకు,

వందనాలు. నా నడుంనొప్పి గురించి అడిగావు. పాఠాలు చెప్పే బళ్లోనూ, గుళ్లోనూ పోయిందనే చెబుతున్నాను. నీకు మాత్రం నిజం రాస్తున్నాను. పోలేదు.

వేసవిలో పట్నం దవాఖానాలో డాక్టరు నొప్పికని సీమదేశం నుంచి వచ్చిన కొత్త మందు ఇచ్చాడు. మనసును కొన్ని గంటలు తలకిందులు చేసే మందట. "ఏం కనవడ్డా పరేషాన్ గాకుండ్రి సారూ," అన్నాడు. గోడలు ఊపిరి పీల్చి వదిలాయి. నా నడుమే పక్క మంచం మీద పడుకుని మూలుగుతుంటే, అదెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. మర్నాడు లేస్తే నొప్పి లేదు. జేబులోంచి బీడీ తీస్తే ఆకూ, దారమూ, పొగాకూ కనబడ్డాయి. అంతే. పారేశాను, మళ్లీ ముట్టలేదు. ప్రభువు మాత్రం కనబడలేదక్కా, ఉన్నమాట చెప్పాలి కదా.

నెల తిరక్కుండానే నొప్పి ఇల్లు వెతుక్కుంటూ వచ్చేసింది. నీ మరదలు సువార్తమ్మ ఏళ్లుగా నా కోసం శుక్రవారాలు ఉపవాసముండి చిక్కి సగమైంది. ఒంట్లో రక్తం లేదని దవాఖానా నర్సమ్మ హెచ్చరించినా వినలేదు. ప్రార్థన ఫలించిందని ఇప్పుడు తింటోంది. నొప్పి మళ్లీ వచ్చిందంటే కంచం పక్కన పెడుతుంది, ఈసారి మనిషి దక్కదు. అందుకే పళ్లు బిగించి తిరుగుతున్నాను. ఇప్పుడేమో పాస్టరు అయ్యగారు నొప్పి పోయిందని ఆదివారం గుళ్లో సాక్ష్యం చెప్పమంటున్నారు. "దేవుడు జేసిన మేలు దాచొద్దు జయానందం," అంటారు. బలిపీఠం ముందు నిలబడి అబద్ధమే చెబుదామని నిశ్చయించుకున్నాను. భయంగానే ఉంది.

నీ తమ్ముడు,
జయానందం


మెదక్,
సోమవారం

అక్కా,

నా అబద్ధం నా నోట్లోనే ఉండిపోయింది. అయ్యగారు నన్ను పిలవగానే ఆడవాళ్ల వైపు నుంచి సువార్తమ్మ లేచింది.

"ముందుగాల నేను చెప్త అయ్యగారూ. బీడీ పోయింది, దేవునికి స్తోత్రం. మందిచ్చిన డాక్టరు గూడ సల్లగుండాలె. నొప్పి మాత్రం పోలే. చెప్పులేసుకునేటప్పుడు గోడ వట్టుకుంటుండు, నాకు కండ్లు లేవా? నేను తింటె ఈయన నిమ్మలంగ ఉంటడని, ముద్ద దిగకున్నా తింటున్న. ఇగ నాతోని గాదు."

గుడంతా నవ్వింది. అయ్యగారు కూడా ఆపుకోలేకపోయారు. నాకు సిగ్గేసింది, అంతకుమించి సంతోషమేసింది. ఇంటికి వచ్చాక, మళ్లీ ఉపవాసాలు మొదలుపెడతావా అని అడిగాను.

"మీరు దాయకుంటె నేను తింట," అంది.

సరేనన్నాను. ఆ పూట ఇద్దరం కూర్చుని కడుపునిండా తిన్నాం. లేచేటప్పుడు, ఇన్నాళ్ల తర్వాత, వీధంతా వినబడేలా మూలిగాను. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో అక్కా.

నీ తమ్ముడు,
జయానందం