ఎల్లక్క వంతు

క్యాతగానచెర్లు,
మంగళవారం.

అమ్మ పాదాలకు నమస్కరించి యోగీశ్ రాస్తున్న జాబు.

ఇక్కడ నేనూ, ప్రతిమా, పాపా ముగ్గురం క్షేమం. ఒంటి వరకు ఆ మాట నిజమే. దావణగెరెలో నువ్వూ, పద్మాక్షి అక్కా, బావా బాగున్నారని తలుస్తాను. మోకాలి ఆపరేషన్ తర్వాత నువ్వు గోడ పట్టుకోకుండా నడుస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నీకు చెవులు వినిపించవు కాబట్టి నీతో మాట్లాడాలంటే నాకు ఈ కాగితమే దిక్కు. బడిలో కన్నడం నేర్చుకుంటున్న వాణ్ణి కూర్చోబెట్టి నువ్వు పలక మీద తెలుగు దిద్దిస్తే ఎంత ఏడ్చానో నీకు గుర్తుండే ఉంటుంది. అక్క తప్పించుకుని పారిపోయేది. అదే ఇప్పుడు మేలైంది. అక్కకు తెలుగు చదవడం రాదు, ఈ జాబు నువ్వొక్కదానివే చదువుతావు.

పోయిన జాబులో నువ్వు మూడు సంగతులు అడిగావు. పాప అన్నం తింటోందా అన్నావు. తింటోంది, కాని నువ్వు కలిపి పెట్టినట్టు లేదని రోజూ వాళ్లమ్మతో తగువు. నా పని గట్టిదేనా అన్నావు. సోలార్ పార్కులో అద్దాలు కడిగే మనుషులకు మేస్త్రీగానే ఉన్నాను. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి కడుగుతాం. నా కొడుకు సోలార్‌లో సూపర్‌వైజరు అని నువ్వు ఆ వీధిలో అందరికీ చెబుతున్నావట. వద్దమ్మా, చెప్పకు. ఎందుకు వద్దంటున్నానో కింద రాస్తాను.

మూడో సంగతి మోటరు. "బోరు మోటరు ఆగి ఆగి నడుస్తోందని రాశావు, బాగయిందా? ఎల్లక్క నీళ్ల వంతు తప్పకుండా ఇస్తున్నావు కదా?" అని అడిగావు. చిన్నప్పుడు కాకరకాయ ముక్కలు కంచం అంచుకు నెట్టేవాణ్ణి చూడు, అట్లా దీన్ని చివరికి నెట్టాను. ఇక తినక తప్పదు.

అది పది నిమిషాలు నడిచి ఠక్కున ఆగేది. అరగంట ఆగి వేస్తే మళ్లీ నడిచేది. స్టార్టరు విప్పి గరుకు కాగితంతో రుద్దాను. ఫ్యూజులు మార్చాను. లాభం లేకపోయింది. అప్పుడే నీ జాబు వచ్చింది. "వాల్వు దగ్గర పైపు మీద అరచెయ్యి పెట్టు, బరువుగా అదిరితే నీళ్లు, తేలిగ్గా గిలగిలలాడితే గాలి" అని రాశావు. పెట్టి చూశాను. మొదట బరువుగా అదిరింది. పది నిమిషాలకు గిలగిలలాడి ఆగిపోయింది. అంటే బోరులో నీళ్లు అడుగంటాయి. ఆ క్షణమే నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించి హొన్నూరప్పను పిలిపించాను. మనూళ్లో మోటర్లు ఎత్తేదీ దించేదీ ఆయనే కదా.

ఆయన మీటరు పెట్టి చూశాడు. "వోల్టేజి సరిగ్గానే ఉండాదిప్పా. కేబులూ బాగుండాది. ఆగేముందు ఆంప్సు దిగిపోతా ఉండాది సూడు. నీళ్లు లేకుండా ఆడితే మోటరు కాలిపోతాదని ఈ స్టార్టరు పెట్టె ఆపుతా ఉండాది. దినానికి ఎన్ని గంటలు ఆడిస్తా ఉండావు?"

"పొద్దున ఎల్లక్కకు రెండు గంటలు, ఆనెక మాకు రెండు గంటలు. అంతేన్నా."

"నిజంగా అంతేనా?"

"అంతే."

"అట్లయితే నీళ్లు అయిపొయ్యే మాటే లే. లోపల యాడో పైపుకు తూటు పడింటాది. ఎత్తాల్సిందే."

మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, చెయిను కప్పీ తగిలించి పైపులు ఒక్కొక్కటే పైకి లాగారు. పద్నాలుగోది వస్తుండగా లోపల ఎక్కడో మర ఊడింది. చెయిను ఒక్కసారిగా తేలికైపోయింది. మిగతా పైపులూ, కేబులూ, మోటరూ అన్నీ గీసుకుంటూ పాతాళానికి పోయాయి. హొన్నూరప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మూడు రోజులు కొక్కెం దించి వెతికాడు. తగులుతుంది, పట్టు చిక్కదు. నాలుగో రోజు బోరు నోటికి గోనెసంచి కట్టేశాడు. ఎత్తిన పైపులు ఎండలో పరిచి చూశాం. ఒక్కదానికీ తూటు లేదు.

"ఏమైండునో ఏమో యోగీ. నీళ్లే తగ్గింటే పదహైదు దినాలు ముట్టకుండా విడిస్తే సాలు, మళ్లీ ఊరతా ఉండె. ఎత్తే పనే లేకుండె" అన్నాడు. ఆ మాటకు నేను తల వంచుకుని పైపులు లెక్కపెట్టినట్టు నటించాను.

అమ్మా, మన బోరు పోయింది. ఎల్లక్క మొగుడు దొడ్డయ్య మామ నీళ్ల జాడ కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకుని మన చేనంతా తిరిగితే లేవని కాయ, గట్టు దాటి తన చేలో అడుగు పెట్టగానే నిటారుగా లేచిన చోటు అది. "ఈడే వేసుకోండప్పా, నాకు పొద్దుటి వంతు ఇస్తే సాలు" అని ఆయన చోటిచ్చాడు. మొదటి నీళ్లు దోసిట్లో పట్టి, గంగమ్మ మీద ఆన పెట్టి నువ్వు మాటిచ్చావు. ఆయన పోయినా ఆ వంతు పోలేదు. ఎల్లక్క కనకాంబరాలు ఆ నీళ్లతోనే బతికాయి, ఆమె ఆ పూలతోనే బతికింది. ఇప్పుడు మడి మొత్తం ఎండిపోయింది. అయినా రోజూ పొద్దున ఆమె వచ్చి, గోనెసంచికి పసుపూ కుంకుమా పెట్టి, కాసేపు నిలబడి పనికి పోతుంది. కిటికీలోంచి చూస్తాను. ఆమె పోయిందాకా బయటికి రాను.

నిన్న సాయంత్రం మనింటికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. "మీ అమ్మకు జాబు రాస్తావు గదప్పా, నా మాటా ఒకటి రాయి" అంది. తను చెబుతుంటే నేను కాగితం మీద రాస్తే తప్ప కదలనని కూర్చుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇది:

"అక్కా, తప్పంతా నాదే. శ్రావణంలో మా తమ్ముడు సచ్చిపోయినాడు. సూతకం ఉండాదని తెలిసీ, పూలు వాడిపోతాయని నేనే పోయి వాల్వు తిప్పినా. గంగమ్మకు కోపం వచ్చినాది. నా ఆశకు మీ బిడ్డ బోరు పాయ. నువ్వు తిట్టినా పడతా. వచ్చినంక నీ కాళ్లు పట్టుకుంటా."

చదివి వినిపించమంది. వినిపించాను. తృప్తిగా తల ఊపి, "నీకూ నష్టం చేసినా నాయనా" అని నా చెయ్యి పట్టుకుంది. దూలానికి ఉరేసుకోవాలన్నంత సిగ్గేసింది. ప్రతిమ లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమెకు అంతా తెలుసు. నోరెత్తొద్దని పాప మీద ఒట్టు వేయించుకున్నాను.

ఇప్పుడు నా మాట. అద్దాలు కడిగే కాంట్రాక్టరు, దగ్గర్లో నీళ్లు చూపించినవాడికే మేస్త్రీ పని అన్నాడు. నేను మన బోరు చూపించాను. నువ్వు దావణగెరె పోయిన వారం నుంచి, ఎల్లక్క తన వంతు ముగించుకుని పనికి పోగానే ట్యాంకరు వచ్చేది. కరెంటు ఉన్నంతసేపూ నింపేవాణ్ణి. ఎండాకాలమంతా నింపాను. ఆమె పగలంతా ఆ అద్దాల మధ్యనే గడ్డి పీకేది. వాటి మీద నుంచి కారేవి తన నీళ్లేనని ఆమెకు తెలియదు. హొన్నూరప్ప అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే మోటరు ఎత్తేవాడు కాదు. పదిహేను రోజులు ఆగితే బోరు దక్కేది. వైద్యుడి దగ్గర రోగం దాచి రోగిని చంపుకున్నాను. నా పని ఎట్లా వచ్చిందో తెలిసింది కదా, ఇక ఆ వీధిలో చెప్పుకోకు.

ఎల్లక్క ఇంటి దాకా రెండుసార్లు వెళ్లాను. నిజం చెప్పడానికి బదులు మంచినీళ్లు అడిగాను. కుండ అడుగున ఉన్నవి ముంచి ఇచ్చింది. తాగి వచ్చేశాను.

నాకు జవాబు రాయొద్దమ్మా. ఎల్లక్కకు రాయి. తప్పెవరిదో, ఏం జరిగిందో నీ చేత్తో రాయి. నన్ను ఏమని తిట్టాలో అదీ రాయి. మాట తెలుగే అయినా బడి కన్నడం కాబట్టి, ఈ ఊళ్లో తెలుగు చదవగలిగింది నేనొక్కణ్ణే. ఆమె ఆ జాబు పట్టుకుని నా దగ్గరికే వస్తుంది. గడప దగ్గర కూర్చోబెట్టి, ఒక్క అక్షరం మింగకుండా చదివి వినిపిస్తాను.

ఇట్లు,
నీ మాట పోగొట్టిన కొడుకు,
యోగీశ్